జైళ్ళ మీద పరిశోధన చేసి ప్రొఫెసర్ కావచ్చా? ముప్పై ఏళ్ళు పాఠం చెప్పినవాడి జవాబు

మీరు మూడు ప్రశ్నలు అడిగారు. ఎం.ఎ. పొలిటికల్ సైన్స్ రెండో ఏడాదిలో ఉన్నారు, జైళ్ళ విధానం మీద పీహెచ్‌డీ చేసి అందులోనే ప్రొఫెసర్‌గా స్థిరపడాలని మీ కోరిక. ఇది అసలు రాజనీతి శాస్త్రమేనా, ఉద్యోగం వస్తుందా, మనం రాసింది ప్రభుత్వాలు వింటాయా అన్నవి మీ సందేహాలు. నేను ఒక రాష్ట్ర విశ్వవిద్యాలయంలో ముప్పై ఏళ్ళు ఈ సబ్జెక్టు చెప్పి రిటైరయ్యాను. అందులో ఇరవై ఏళ్ళకు పైగా జైళ్ళ చుట్టూనే తిరిగాను. ముందు మూడో ప్రశ్న తీసుకుంటానమ్మా. మిగతా రెండింటికీ మీ డిపార్ట్‌మెంట్‌లో ఎవరైనా జవాబు చెప్తారు, అయినా చివర్లో నేనూ చెప్తాను.

ప్రభుత్వాలు వింటాయి. మంచి మాటైతే ఇరవై ఏళ్ళకు వింటాయి. భయపెట్టే మాటైతే వచ్చే అసెంబ్లీ సమావేశాల్లోనే వింటాయి. ఇది అర్థం కావాలంటే జాన్ డియూలియో అనే అమెరికన్ ప్రొఫెసర్ ఉద్యోగ జీవితం తెలుసుకోవాలి. నా దగ్గర చేరిన ప్రతి పరిశోధక విద్యార్థికీ మొదటివారం ఈ కథే చెప్పేవాణ్ణి.

డియూలియో ఫిలడెల్ఫియా మనిషి. 1986లో హార్వర్డ్ నుంచి రాజనీతి శాస్త్రంలో డాక్టరేట్, వెంటనే ప్రిన్స్‌టన్‌లో ఉద్యోగం. మరుసటి ఏడాది మొదటి పుస్తకం వచ్చింది. టెక్సస్, మిషిగన్, కాలిఫోర్నియా రాష్ట్రాల జైళ్ళను పక్కపక్కన పెట్టి చూశారాయన. జైలు కిక్కిరిస్తే గొడవలు పెరుగుతాయి, డబ్బు ఎక్కువ పెడితే తగ్గుతాయి అనుకునేవాళ్ళు అప్పట్లో. ఈయన లోపలికి వెళ్ళి చూసి, తేడా అంతా నడిపే తీరులో ఉందన్నారు. అంతకుముందు జైలు అంటే ఎక్కువగా సామాజిక శాస్త్రం వాళ్ళ పొలం. వాళ్ళు ఖైదీల లోకాన్ని, వాళ్ళలో వాళ్ళు పెట్టుకునే కట్టుబాట్లను చదివేవారు. జైలు కూడా ఒక ప్రభుత్వమే, దాన్ని పాలించేవాళ్ళను చదవండి అన్నారు డియూలియో. మీ మొదటి ప్రశ్నకు సగం జవాబు ఇక్కడే దొరుకుతుంది.

ఆ పుస్తకంలో టెక్సస్ కఠిన క్రమశిక్షణను ఆయన మెచ్చుకున్న తీరు నాకు నచ్చదు. కొందరు ఖైదీలకే మిగతా ఖైదీల మీద పెత్తనమిచ్చి నడిపించిన జైళ్ళవి. అక్కడి పరిస్థితులు రాజ్యాంగ విరుద్ధమని 1980లోనే ఒక ఫెడరల్ జడ్జి తీర్పు చెప్పారు. అయినా అది కళ్ళతో చూసి రాసిన పుస్తకం కాబట్టి దానితో వాదించవచ్చు.

ఆ తర్వాత వచ్చిన గుణకారంతోనే ఇబ్బంది. దీన్ని కొంచెం నెమ్మదిగా చదవండి, మీ పరిశోధనకు ఇదే అసలు పాఠం.

1945లో పుట్టిన ఫిలడెల్ఫియా మగపిల్లలు దాదాపు పదివేల మంది రికార్డులను కొందరు పరిశోధకులు తిరగేసి 1972లో ఒక అధ్యయనం వేశారు. ఐదు, అంతకన్నా ఎక్కువసార్లు పోలీసు రికార్డుకెక్కిన పిల్లలు ఆరు శాతం. మొత్తం నేరాల్లో సగానికి పైగా వాళ్ళ పేరు మీదే ఉన్నాయి. ఇంతవరకూ బాగానే ఉంది. 1990ల మధ్యలో డియూలియో గురువు జేమ్స్ క్యూ. విల్సన్ ఒక లెక్క వేశారు. 2000 నాటికి 14 నుంచి 17 ఏళ్ళ మగపిల్లలు ఐదు లక్షలమంది పెరుగుతారు, అందులో ఆరు శాతం అంటే 30 వేలమంది కొత్త నేరస్తులు. డియూలియో దాన్ని ఇంకా ముందుకు తీసుకెళ్ళారు. 1990తో పోలిస్తే 2010కి 45 లక్షలమంది మగపిల్లలు పెరుగుతారు, ఆరు శాతం తీస్తే 2 లక్షల 70 వేలు. 1995 నవంబరులో ఒక వారపత్రికలో రాసిన వ్యాసంలో ఈ పిల్లలకు ఆయన పెట్టిన పేరు ‘సూపర్ ప్రెడేటర్’. పశ్చాత్తాపమనేది ఎరుగని వేటమృగాలు అన్నమాట.

ఆ లెక్కలో ఎన్ని తప్పులున్నాయో చూడండి. ఐదుసార్లు పోలీసు రికార్డుకెక్కడం వేరు, హత్య చేయడం వేరు. ఆ ఆరు శాతంలో చిల్లర తగాదాల పిల్లలూ ఉన్నారు. ఒక ఊళ్ళో, ఒక ఏడాది పుట్టిన పిల్లల శాతాన్ని దేశం మొత్తానికి, యాభై ఏళ్ళ తర్వాతి కాలానికి అంటించారు. పైగా 2 లక్షల 70 వేలు రావాలంటే 2010లో ఇంకా నడక నేర్చుకునే పసివాళ్ళను కూడా కలుపుకోవాలి. దీన్ని బర్క్‌లీలో నేర న్యాయం చెప్పే ఫ్రాంక్లిన్ జిమ్రింగ్ ఎత్తిచూపారు. ఆయన మాట పట్టించుకున్నవాళ్ళు తక్కువ. ఆ పేరుకు ఉన్న బలం లెక్కకు లేదు. 1996 జనవరిలో హిల్లరీ క్లింటన్ న్యూ హాంప్‌షైర్ సభలో ‘సూపర్ ప్రెడేటర్’ అన్న మాట వాడారు. 1990లు గడిచేసరికి దాదాపు అన్ని రాష్ట్రాలూ పిల్లలను పెద్దల కోర్టుల్లో విచారించడం సులువయ్యేలా చట్టాలు మార్చాయి. ఆ చట్టాల దెబ్బ ఎక్కువగా నల్లజాతి పిల్లల మీద పడింది.

నిజంగా జరిగిందేమిటంటే, ఆ వ్యాసం అచ్చయ్యేనాటికే బాలల హింసాత్మక నేరాలు తగ్గడం మొదలైంది. తర్వాతి పదేళ్ళలో బాలలు చేసిన హత్యలు సగానికి పైగా పడిపోయాయి.

డియూలియో ఇది ఒప్పుకున్నారు. 1999లో, అమెరికా జైళ్ళలో మనుషులు ఇరవై లక్షలకు చేరుతున్నప్పుడు, ఇక చాలు, సంఖ్య పెంచొద్దని పత్రికలో రాశారు. 2001లో అధ్యక్షుడు బుష్ దగ్గర మతసంస్థల సేవా కార్యక్రమాలు చూసే కార్యాలయానికి మొదటి డైరెక్టరుగా వెళ్ళినప్పుడు తన జోస్యం తప్పిందని, అందుకు విచారిస్తున్నానని బాహాటంగా చెప్పారు. 2012లో పిల్లలకు తప్పనిసరి జీవితఖైదు, అదీ విడుదల ఆశ లేకుండా, వేయడం చెల్లదని అమెరికా సుప్రీంకోర్టు మిల్లర్ కేసులో తీర్పిచ్చింది. ఆ కేసులో పిల్లల పక్షాన దాఖలైన నిపుణుల విజ్ఞప్తి మీద డియూలియో సంతకం ఉంది. నేను ఆయన్ను తక్కువ చేసి మాట్లాడటం లేదు. తప్పు ఒప్పుకుని, దిద్దడానికి కోర్టు దాకా వెళ్ళిన ప్రొఫెసర్లను నా జీవితంలో నేను ఎక్కువమందిని చూడలేదు. కానీ ఆ మాట చట్టాల్లోకి ఎక్కడానికి ఎక్కువ కాలం పట్టలేదు, దాన్ని దిద్దే ఆ తీర్పు రావడానికి పదిహేడేళ్ళు పట్టింది. మధ్యలో లోపలికెళ్ళిన పిల్లల యవ్వనం అక్కడే గడిచింది.

ఆయన 1999 నుంచి పనిచేస్తున్న పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలోనే, అదే శాఖలో మేరీ గాట్షాల్క్ అనే ఆచార్యురాలున్నారు. ఆమె అడిగిన ప్రశ్న పూర్తిగా వేరు. 1970ల మొదట్లో అమెరికా రాష్ట్ర, కేంద్ర జైళ్ళలో రెండు లక్షలమంది. 2008 నాటికి స్థానిక జైళ్ళు కూడా కలిపితే 23 లక్షలు. నేరం ఇంత పెరగలేదే, మరి జైలు ఎందుకు ఇంత పెరిగింది? పార్టీలు, ప్రాసిక్యూటర్లు, బాధితుల ఉద్యమాలు, జైలు సిబ్బంది సంఘాలు ఇలా ఒక్కొక్కరి చేయి ఎక్కడ ఉందో ఆమె వెతికారు. చిన్న నేరాలవాళ్ళను వదిలేస్తే సరిపోతుందన్న సులువైన పరిష్కారం మీద, ఖర్చు తగ్గుతుందన్న వాదనతో సంస్కరణలు వస్తాయన్న ఆశ మీద ఆమె నీళ్ళు చల్లారు. 2014లో అక్కడి జాతీయ విజ్ఞాన అకాడమీ జైళ్ళ పెరుగుదల మీద వేసిన నివేదిక కమిటీలో ఆమె కూడా సభ్యురాలు. మీరు ఎవరి దారిలో వెళ్ళాలని అడిగితే నేను ఈమె పేరే చెప్తాను. ఖైదీ ఎలాంటివాడు అని కాకుండా ఇంతమంది లోపల ఎందుకున్నారని అడగడం మన శాస్త్రం పని.

ఇది అమెరికా గొడవ, మనకెందుకు అంటారేమో. మనకు స్టూవర్టుపురం ఉందమ్మా. నేరం చేయకముందే మనిషిని నేరస్తుడనడం మన నేల మీద 1871 నుంచీ చట్టమే. నేరస్త తెగల చట్టాన్ని 1911లో మద్రాసు ప్రెసిడెన్సీకి విస్తరించారు. ఆ తర్వాత రెండు మూడేళ్ళకే బాపట్ల దగ్గర ఎరుకల కుటుంబాలను తెచ్చి సాల్వేషన్ ఆర్మీ చేతిలో పెట్టి ఒక సెటిల్‌మెంటు కట్టారు. సర్ హెరాల్డ్ స్టూవర్ట్ అనే తెల్లదొర పేరే ఆ ఊరికి పేరైంది. హాజరు వేయించుకోకుండా ఊరు దాటితే నేరం. 1952లో ఆ చట్టం పోయింది. దాని బదులు చాలా రాష్ట్రాల్లో అలవాటు నేరస్తుల చట్టాలొచ్చాయి, మన ఆంధ్రప్రదేశ్‌ది 1962 నాటిది. కొన్ని రాష్ట్రాల జైలు మాన్యువళ్ళలో మొన్నమొన్నటిదాకా ‘సంచార తెగ’ అన్న మాట అనుమానానికి కారణంగా ఉంది, ఊడ్చే పని ఏ కులంవాళ్ళకివ్వాలో కూడా ఉంది. 2024 అక్టోబరు 3న సుకన్య శాంత కేసులో సుప్రీంకోర్టు వాటిని కొట్టేసింది, జైలు రిజిస్టర్లలో కులం గడి తీసేయమంది. ఆ కేసు వేసింది ఒక విలేఖరి. ఒక పొలిటికల్ సైన్స్ ప్రొఫెసర్ వేయలేదు. నాకు ఆ రోజు సంతోషమూ కలిగింది, సిగ్గూ కలిగింది. ఆ మాన్యువళ్ళు మా అలమారలో ఇరవై ఏళ్ళున్నాయి.

2015 బాలల న్యాయ చట్టం కూడా చూడండి. 2012 ఢిల్లీ నిర్భయ ఘటన తర్వాత వచ్చిన ఆగ్రహంలో 16 నుంచి 18 ఏళ్ళ పిల్లలను ఘోరమైన నేరాల్లో పెద్దలుగా విచారించే వీలు కల్పించారు. ఆ చర్చ జరిగినప్పుడు పార్లమెంటులో ఏ అంకెలు వాడారు, అవి ఎక్కడివి, పట్టుకున్న పిల్లల సంఖ్య పెరిగిందా లేక కేసులు రాయడం పెరిగిందా? మంచి పీహెచ్‌డీకి ఇది చాలు.

ఇక అంకెల సంగతి. ఇందులో నేనూ తప్పు చేశాను, కాబట్టి వివరంగా చెప్తాను.

జాతీయ నేర రికార్డుల బ్యూరో ఏటా జైళ్ళ గణాంకాలు వేస్తుంది. 2022 సంచిక ప్రకారం దేశంలో ఖైదీలు 5,73,220 మంది, అందులో విచారణ ఖైదీలు 4,34,302 మంది, అంటే 75.8 శాతం. వంద మందికి కట్టిన చోట 131 మంది. ఈ అంకెలు అందరూ రాస్తారు. కానీ ఇవి డిసెంబరు 31వ తేదీ ఒక్కరోజు లెక్క. చెరువులో ఆ రోజు ఎన్ని నీళ్ళున్నాయో అది చెప్తుంది, ఏడాదంతా కాలువలో ఎన్ని నీళ్ళు పారాయో చెప్పదు. నా మొదటి వ్యాసంలో కోస్తా సబ్‌జైలు ఒకటి తీసుకుని, సామర్థ్యంలో సగమే మనుషులున్నారు, కాబట్టి అక్కడ సమస్య తక్కువ అని రాసేశాను. అచ్చయ్యాక అక్కడి హెడ్ వార్డరు చదివి, “సార్, మీరు గేటు రిజిస్టరు చూడలేదు” అన్నారు. వెళ్ళి చూస్తే ఏడాదిలో ఆ గేటు దాటి లోపలికొచ్చినవాళ్ళు, ఆ రోజు లోపలున్నవాళ్ళకు ఇరవై రెట్లు పైన. వారం, పదిరోజులు, పదిహేను రోజులు. ఒక్కొక్కరికీ కూలి పోయింది, ఊళ్ళో మాట పోయింది. నా లెక్కలో వాళ్ళెవరూ లేరు.

అప్పటినుంచి రిజిస్టర్లు చేతిరాతలో కాపీ చేసుకోవడం అలవాటు చేసుకున్నాను. ఆ సబ్‌జైలులోనే, 1990ల చివర్లో, మధ్యాహ్నం లాకప్ వేళ. ఇరవై మూడు పేర్లున్నాయి. ఒక పేరుకెదురుగా రిమార్కుల గడిలో ఎర్రసిరాతో పొడి అక్షరాలు. ఏమిటని అడిగితే, బెయిలు మంజూరైంది, ష్యూరిటీలు లేవు అని అర్థం చెప్పారు. ఒడిశా నుంచి ఇటుకబట్టీకి వచ్చిన కూలీ, రాగితీగ దొంగతనం కేసు. కోర్టు బెయిలిచ్చి నాలుగు నెలలైంది. ఇద్దరు జామీనుదారులు రావాలి, సొంత ఇంటి పన్ను రసీదులు చూపాలి. బట్టీ యజమాని రానన్నాడు. ఊళ్ళోవాళ్ళకు ఇతను ఎవరో తెలియదు. వార్డరు ఎదుటే అతనితో మాట్లాడాను. తెలుగు ఇరవై ముప్పై మాటలొచ్చు. కేసు గురించి ఒక్కటీ అడగలేదు. వానలు మొదలయ్యాయా, బట్టీ ఆపేశారా, తనతో వచ్చినవాళ్ళు వెళ్ళిపోయారా, ఇవే అడిగాడు. వానలు మొదలై అప్పటికి మూడు వారాలు.

ప్రభుత్వ లెక్కల్లో అతను విచారణ ఖైదీ. కోర్టు మాత్రం వెళ్ళమని చెప్పేసింది. ‘బెయిలొచ్చినా లోపలే’ అనే గడి ఆ పట్టికల్లో లేదు కాబట్టి అలాంటివాళ్ళు దేశంలో ఎంతమందో ఎవరికీ తెలియదు. ఈ మాట నేను వ్యాసాల్లో రాశాను, సెమినార్లలో చెప్పాను, నాకన్నా బాగా చెప్పినవాళ్ళు చాలామంది ఉన్నారు. 2023 జనవరి 31న సుప్రీంకోర్టు ఉత్తర్వులిచ్చింది. బెయిలు వచ్చి ఏడు రోజుల్లో బయటికి రాకపోతే సూపరింటెండెంటు జిల్లా న్యాయసేవా సంస్థకు తెలపాలి. అదే ఏడాది కేంద్రం పేద ఖైదీలకు సాయం పథకం తెచ్చింది. అప్పటి నిబంధనల్లో బెయిలుకు 40 వేల రూపాయల దాకా, జరిమానాకు 25 వేల దాకా. మంచి మాట ఇరవై ఏళ్ళకు వింటారని మొదట్లో అన్నది దీన్ని చూసే.

ఇప్పుడు మీ మొదటి ప్రశ్న. ఇది రాజనీతి శాస్త్రం కాదని, లా డిపార్ట్‌మెంటుకు వెళ్ళమని నన్ను ఒక కమిటీ తిప్పి పంపింది. మిమ్మల్నీ పంపవచ్చు. అప్పుడు ఇవి చెప్పండి. ప్రజాప్రాతినిధ్య చట్టం 1951లో 62(5) ప్రకారం, ముందస్తు నిర్బంధంలో ఉన్నవాళ్ళు తప్ప, జైల్లో ఉన్నవాడికి ఓటు లేదు, నేరం రుజువు కాకపోయినా సరే. అలా నేరం రుజువు కాని మనిషి లోపలినుంచే ఎన్నికల్లో నిలబడవచ్చు. ఇది పౌరసత్వం గురించిన ప్రశ్న కాకపోతే మరేమిటి? 1974లో విశాఖ సెంట్రల్ జైలు నక్సలైట్ ఖైదీలు గోడమీది కరెంటు తీగ గురించి కోర్టుకెళ్తే, శిక్షపడినంత మాత్రాన ప్రాథమిక హక్కులన్నీ పోవని సుప్రీంకోర్టు అన్నది. 1977లో కోయిలకుంట్ల సబ్‌జైలు గదిలోకి బాంబులు విసిరి ఒక ఖైదీని చంపారు. ప్రభుత్వానికి సార్వభౌమాధికార రక్షణ ఉందన్న వాదనను 2000లో అదే కోర్టు తోసిపుచ్చి పరిహారాన్ని ఖాయం చేసింది. రాజ్యం, సార్వభౌమాధికారం, పౌరుడు అని మనం మొదటి సెమిస్టర్‌లో చెప్పే పాఠాలు కోయిలకుంట్లలో జరిగాయి. జైళ్ళు రాష్ట్ర జాబితాలో నాలుగో అంశం కాబట్టి కేంద్ర రాష్ట్ర సంబంధాలు చదివేవారికి కూడా ఇది పొలమే. 2023లో కేంద్రం నమూనా చట్టం పంపితే రాష్ట్రాలు ఒక్కొక్కటీ ఏం చేస్తున్నాయో చూడండి.

ఉద్యోగం విషయంలో మీకు అబద్ధం చెప్పను. జైళ్ళ ప్రొఫెసర్ అనే పోస్టు మన దగ్గర లేదు. మీరు పొలిటికల్ సైన్స్ టీచరుగానే చేరతారు, భారత ప్రభుత్వం, రాజ్యాంగం, పాలనాశాస్త్రం చెప్తారు, జైలు మీ పరిశోధన. నెట్ పరీక్షలో జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) తెచ్చుకోండి, నెలకు 37 వేలు, తర్వాత 42 వేలు. అది లేకుండా ఈ అంశం మీద మొదలుపెట్టొద్దు, తిరుగుడు ఖర్చు ఎక్కువ. రెండు రాష్ట్రాల్లోనూ విశ్వవిద్యాలయాల శాశ్వత నియామకాలు ఏళ్ళతరబడి ఆగడం నేను చూశాను. నా విద్యార్థుల్లో ఇద్దరు గెస్ట్ ఫ్యాకల్టీగానే నలభై దాటారు. వేలూరులో దక్షిణాది రాష్ట్రాలు కలిసి నడిపే జైలు అధికారుల శిక్షణ అకాడమీ ఉంది, అక్కడ పాఠాలు చెప్పడానికి బయటివాళ్ళను పిలుస్తారు. న్యాయసహాయ సంస్థల్లో పరిశోధకులకు పని ఉంది. తెలుగు, ఉర్దూ రెండూ చదవగలిగితే హైదరాబాద్ పాత రికార్డుల్లో మీకు పోటీ ఉండదు.

అనుమతి ఒక్కటే పెద్ద కొండ. జైళ్ళ డీజీ కార్యాలయానికి అర్జీ పెట్టాలి, మీ గైడు ఉత్తరం, ప్రశ్నావళి జతచేయాలి. నెలలు పడుతుంది, కొన్నిసార్లు రాదు. రాలేదని అంశం మార్చుకోకండి. కోర్టులో రిమాండ్ పొడిగింపులు జరిగే చోట కూర్చోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. ములాఖత్ గేటు బయట వేపచెట్టు కింద టిఫిన్ క్యారియర్లతో కూర్చున్న ఆడవాళ్ళతో మాట్లాడటానికి అక్కర్లేదు. అయితే వాళ్ళ పేర్లు మీ నోట్‌బుక్‌లో రాయకండి, ఊళ్ళ పేర్లూ మార్చండి. లోపల ఖైదీతో మాట్లాడేటప్పుడు పక్కన సిబ్బంది ఉంటే కొట్టారా అని అడగకండి. మీరు సాయంత్రం ఇంటికొస్తారు, అతను అక్కడే ఉంటాడు.

ఇంకొకటి, మీ ప్రతిపాదనలో ‘నేర ప్రవృత్తి కలిగిన’ అని ఒకచోట రాశారు. దాన్ని తీసేసి, ఏ నేరం, ఏ కోర్టు, ఎన్నాళ్ళుగా లోపల అని రాయండి. సమాచార హక్కు దరఖాస్తుతో మీ జిల్లా సబ్‌జైలు నుంచి గత ఐదేళ్ళ గేటు రిజిస్టరు సంఖ్యలు, బెయిలు వచ్చిన తేదీ, బయటికెళ్ళిన తేదీ అడగండి. పేర్లు అడగొద్దు, ఇవ్వరు, ఇవ్వకూడదు కూడా. ముప్పై రోజుల్లో జవాబు రావాలి. ఆ రెండు తేదీల మధ్య ఎడం ఎంతుందో చూసి, ఇక్కడే మళ్ళీ రాయండి. ప్రతిపాదన మొదటి అధ్యాయం ఇద్దరం కలిసి కూర్చుని చూద్దాం.